పవర్గం సమ్మె

పెదజాలారిపేటలో సూర్యకాంతమ్మ మూతి తిప్పితే ఆ దెబ్బ పూర్ణా మార్కెట్ దాకా వినపడేదని చెప్పుకునేవారు. మూతి తిప్పడానికి చప్పుడేమిటని ఎవరైనా అడిగితే, ఆ అడిగినవాడు ఆవిడ దగ్గర ఎన్నడూ చేపలు బేరం చెయ్యలేదన్నమాట. ఎడం పెదవి కొస రవ్వంత పైకి లేచేది. ముక్కుపుడక మెరిసేది. ఎడం కనుబొమ్మ విల్లులా వంగేది. అంతే. ఎదటివాడు తానడిగిన ధర తానే మింగేసి, ఆవిడ చెప్పిన ధరకే కొనుక్కుని, వెనక్కి చూడకుండా పోయేవాడు. ఓసారి ఎవర్నో చూసి మూతి తిప్పితే, సబ్బవరం నుంచి వంకాయలు తెచ్చిన లారీ డ్రైవరు అది తనకే అనుకుని, సరుకు దింపకుండా లారీ వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడట. ఇందులో అబద్ధం ఏదన్నా ఉంటే అది వంకాయల వరకే.

అలాంటి మూతికి, తొంభై ఎనిమిదో సంవత్సరం మాఘమాసంలో, చెప్పాపెట్టకుండా చేటు వచ్చింది.

ఆ మంగళవారం తెల్లారి సూర్యకాంతమ్మ లేచి నీళ్లు పుక్కిలించబోతే, ఆ నీళ్లు ఎడం పెదవి కొస నుంచి జారి జాకెట్టు మీద పడ్డాయి. చెంబు సొట్టపోయిందనుకుని చెంబుని తిట్టబోయింది. తిట్టు సగమే వచ్చింది. వాకిట్లో వల కుట్టుకుంటున్న మొగుడు పోలిరాజుని కేకేసింది.

"ఏటయ్యా, హొయ్యి హీద నీళ్లెట్టినావా నేదా?"

పోలిరాజు తలెత్తి చూశాడు. పెళ్లాం మూతి కుడిపక్కకి లాగేసి ఉంది.

"నానేటి సేసినానే? పొద్దున్నే మూతెందుకు తిప్పతన్నావ్?"

"తిహ్హనేదు!"

"ఇదిగో, మళ్లీ తిప్పినావ్."

"తిహ్హనేదంటే!"

మూతి తిప్పలేదని మూతి తిప్పుతూ చెప్పే మనిషితో ఏం చెయ్యాలో పోలిరాజుకి తోచలేదు. పాతికేళ్ల కాపురంలో అతను నేర్చిన పని ఒకటే. తప్పు తనదేనన్నట్టు లేచి వెళ్లి పొయ్యి అంటించాడు.

సూర్యకాంతమ్మ గోడకున్న అరచేతంత అద్దం ముందు నిలబడింది. కుడిపక్క మొహం ఎప్పటిలా తనదే. ఎడంపక్క మొహం మాత్రం అద్దెకున్నవాళ్లు చెప్పకుండా ఖాళీ చేసి పోయిన ఇల్లులా ఉంది. కనుబొమ్మ ఎత్తమంటే ఎత్తలేదు. కన్ను ముయ్యమంటే రెప్ప దిగలేదు, గుడ్డు మాత్రం పైకి పోయి తెల్లగా మిగిలింది. వెనక పోలిరాజు సత్తుగిన్నె కింద పెడితే ఎడం చెవిలో రేవులో ఓడ కూత పెట్టినట్టయింది. టీ తాగితే నాలిక కుడిపక్కకి టీ, ఎడంపక్కకి వేణ్ణీళ్లు.

ఇవన్నీ ఒక ఎత్తు, మాట ఒక ఎత్తు. బళ్లో అక్షరాలు దిద్దినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, ప ఫ బ భ మ అని ఒక వరస. పెదవికి పెదవి తగిలితేగాని పలకనిది. పండితులు దాన్ని పవర్గం అంటారు. ఆ వర్గం మొత్తం ఆ తెల్లారి సూర్యకాంతమ్మ నోట్లో సమ్మె కట్టింది. క, చ, ట, త వరసలు ఎప్పటిలా డ్యూటీ ఎక్కాయి. ప వరస గేటు బయట బాసింపట్టు వేసుకు కూర్చుంది. ఇందులో కష్టమేమిటంటే, చేపల బజారు తిట్లలో ముప్పాతిక వంతు ఆ వరసలోనే ఉన్నాయి. నమ్మకపోతే ఎవరికి వాళ్లు మనసులో లెక్కేసి చూసుకోవచ్చు. పైకి మాత్రం అనకండి.

ముందుగా వచ్చింది పోలిరాజు అక్క జోగమ్మ. పక్క ఇల్లే. ఆ వీధిలో ఎవరికి జలుబు చేసినా ముందు జోగమ్మే తుమ్ముతుంది. ఆవిడ మరదలి మొహం చూసింది. మూతపడని ఎడంకంట్లోంచి నీరు ధారగా కారుతోంది.

"ఓలమ్మో! నా మరదలు ఏడుత్తంది! కాంతం ఏడుత్తంది రండోయ్!"

వీధి వీధంతా వచ్చింది. సూర్యకాంతమ్మ ఏడవగా ఆ పేటలో చూసినవాళ్లు లేరు. తుపాను వచ్చి ఇంటి కప్పు లేచిపోయినప్పుడు కూడా ఆవిడ కప్పునే తిట్టింది.

"ఏడవట్నేదు, నీరు కారతంది" అంది సూర్యకాంతమ్మ.

"ఊరుకో తల్లీ, ఏడు, ఏడు, తగ్గుతాది" అంది జోగమ్మ వీపు రాస్తూ. "పక్షవాతం ఇది. మా పెత్తల్లికీ ఇలగే మూతి వొంకరయింది. పక్షం తిరక్కుండా ఎల్లిపోనాది."

పక్షవాతం అన్న మాట నోట్లోంచి పడ్డమే ఆలస్యం, ఎవరో వెళ్లి పావురాన్ని పట్టుకొచ్చారు. పక్షవాతమంటే పక్షికి సంబంధించినదని, దాని రక్తం రాస్తే దిగిపోతుందని వాళ్ల లెక్క. సూర్యకాంతమ్మ పావురాన్ని చేతిలోకి తీసుకుంది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఆవిడ గుమ్మంలోకి వెళ్లి దాన్ని గాల్లోకి ఎగరేసింది. అది రుషికొండ వైపు పోయింది. మళ్లీ ఈ పేట మీదుగా ఎగరలేదు.

"అయితే తవిటయ్య మావే దిక్కు" అంది జోగమ్మ.

తవిటయ్యకి అరవై దాటాయి. ఒకప్పుడు పోర్టులో కళాసీ. ఇప్పుడు వాతలు పెడతాడు. కామెర్లకి చేతిమీద, కడుపునొప్పికి బొడ్డు చుట్టూ, కాలిన కొడవలి కొసతో. ఆయన సాయంత్రం వచ్చి, సూర్యకాంతమ్మ గెడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, తేల్చేశాడు.

"వాతానికి వాతే మందు. పేరులోనే ఉన్నాది కాదేటి మందు! ఆదివారం మజ్జానం సెవి యెనక, తమ్మి కింద గుంట ఉంటాది సూడు, అక్కడ ఒక్కటి ఎట్టీసినానంటే మూతి దానంతటదే యెనక్కొచ్చేత్తాది."

"ఒద్దు" అంది సూర్యకాంతమ్మ.

"అలగే అంటారు అందరూను" అన్నాడు తవిటయ్య, కోపం లేకుండా. "నా గురువు ఎట్టిన కట్టుబాట్లు రెండున్నాయిరా పోలిగా. పెళ్లాం తలకాయి మొగుడే పట్టుకోవాల. రోగం ఉన్న మనిషి ముమ్మాటు 'ఒప్పుకున్నాను' అనాల. అనకుండా ఎడితే ఆ కాక నా అరిసేతిలోకి తిరిగొచ్చేత్తాది."

సూర్యకాంతమ్మ మొగుడి వైపు చూసింది. పోలిరాజు సముద్రంలో ఎంత పెద్ద అలకైనా పడవ ఎదురు పెడతాడు. గట్టు మీద అక్క మాటకి ఎదురు పెట్టలేడు. "సూద్దాం మావా" అని నేల చూపులు చూశాడు.

చూద్దాం అంటే ఆ ఇంట్లో సరే అని అర్థం. ఆదివారానికి మధ్యలో ఇంక నాలుగు రోజులున్నాయి.

బుధవారం పొద్దున్న సూర్యకాంతమ్మ గంప ఎత్తుకోలేదు. పోలిరాజు చెయ్యి పట్టుకుని పెద్దాసుపత్రికి బయల్దేరదీసింది. ఎందుకే అంటే "రా" అంది. ఆ ఒక్క అక్షరానికీ పెదాలు అక్కర్లేదు.

ఆసుపత్రిలో లైను కదిలి కదిలి మధ్యాహ్నానికి వాళ్లని ఒక బల్ల మీద కూర్చోబెట్టింది. చుట్టూ ఎనిమిది మంది తెల్లకోట్ల పిల్లలు మూగారు. వాళ్లు చదువుకునే డాక్టర్లు. వాళ్ల వెనక బట్టతల పెద్ద డాక్టరు.

"నా హొఖవేటి, సినిహానా?" అంది సూర్యకాంతమ్మ.

అందరిలోకీ పొట్టిగా ఉన్న పిల్ల ముందుకొచ్చింది. పేరు అనూరాధ. "సినిమా అయితే నవ్వుతూ చూస్తాం అమ్మా. ఇప్పుడు మాకు భయంగా ఉంది. తప్పు చెబితే సారు తిడతారు. కొంచెం సాయం చెయ్యండి."

భయపడేవాళ్లంటే సూర్యకాంతమ్మకి మొదట్నుంచీ జాలే. సరే కానిమ్మన్నట్టు చెయ్యి ఊపింది.

ఆ పిల్ల నుదురు ముడెయ్యమంది, కళ్లు గట్టిగా ముయ్యమంది, బుగ్గలు పూరించమంది, పళ్లు చూపించమంది. ఆఖరికి ఈల వెయ్యమంది.

"ఈలా!" అన్నాడు పోలిరాజు కంగారుగా. "మా ఇంటా వొంటా నేదమ్మా, ఆడోళ్లు ఈలెయ్యడం."

సూర్యకాంతమ్మ మొగుడి వైపు చూసి, కావాలనే, ఉన్న ఊపిరంతా పెట్టి ఈల వెయ్యబోయింది. గాలి ఎడంపక్క నుంచి జారిపోయింది. తర్వాత ఆ పిల్ల నాలిక ముందుభాగం మీద ఒక పక్క ఉప్పు, ఇంకో పక్క పంచదార దూదితో అద్ది ఏది ఏదో అడిగింది. ఎడంపక్క రెండూ ఒకటే.

"నుదురు కూడా కదలట్లేదు సార్" అంది అనూరాధ.

"మంచిది" అన్నాడు పెద్ద డాక్టరు.

సూర్యకాంతమ్మకి ఒళ్లు మండింది. "సెడింది సెడగా, హంచిదంటాడేటి ఈయన?"

పెద్ద డాక్టరు నవ్వాడు. "ఎందుకు మంచిదో నువ్వు చెప్పమ్మా" అని అనూరాధకి అప్పగించాడు.

అనూరాధ తన చెయ్యి తీసి, మణికట్టు సూర్యకాంతమ్మ ఎడం చెవి తమ్మి వెనక ఆనించి, ఐదు వేళ్లూ మొహం మీద పరిచింది. ఒక వేలు కణత మీద, ఒకటి కంటి కింద, ఒకటి బుగ్గ మీద, ఒకటి దవడ మీద, బొటనవేలు కిందికి మెడ మీద.

"తలలోంచి పన్నెండు జతల నరాలు వస్తాయమ్మా. ఇది ఏడోది. మొహానిది. నవ్వినా, ఏడ్చినా, ఎవర్నైనా వెక్కిరించినా దీని పనే."

"ఎక్కిరింత దీనిదేనా!" అన్నాడు పోలిరాజు, ఎన్నాళ్లనుంచో వెతుకుతున్న మనిషి చిరునామా దొరికినట్టు.

"మెదడు నుంచి బయటికొచ్చే దారిలో ఇది ఎముకలో ఒక సన్నటి సొరంగంలో దూరుతుంది. అరకు రైలు సొరంగంలాగ. ఆ దారిలోనే కంటినీటికో కొమ్మ, చెవిలో గట్టి చప్పుళ్లని తగ్గించే చిన్న కండకో కొమ్మ, నాలిక రుచికో కొమ్మ ఇస్తుంది. ఆ తర్వాత చెవి తమ్మి వెనక చిన్న కంతలోంచి పైకొచ్చి, ఇదిగో, ఇలా ఐదు పాయలవుతుంది. మీకు ఆ సొరంగంలో నరం వాచింది. వాచి ఇరుక్కుంది. చలిగాలి అంటారు, వైరస్ అంటారు, ఇదీ అని గట్టిగా చెప్పలేం. అదే మెదడులో దెబ్బయితే మూతి వంకరపోయినా నుదురు కదులుతుంది. ఎందుకంటే నుదుటికి మెదడు రెండు పక్కలనుంచీ హుకుం వస్తుంది. మీకు నుదురు కూడా ఆగిపోయిందంటే మెదడు బాగానే ఉందన్నమాట. ఇది పక్షవాతం కాదు."

పోలిరాజు ఆ పిల్ల చేతినే చూస్తున్నాడు. "విసురువల!" అన్నాడు ఉన్నట్టుండి. "తాడు మణికట్టుకాడ ఉంటాది, వల అక్కడ్నుంచి విచ్చుకుంటాది. అంతే కాదేటమ్మా?"

"అంతే. ఆ తాడు జాగ్రత్త. చెవి వెనక ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకండి."

మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పోలిరాజు చూపు తిప్పేసుకున్నాడు.

పెద్ద డాక్టరు బిళ్లలు రాశాడు. కంటికి మందు, పడుకునేటప్పుడు రెప్ప మూసి పట్టీ, పగలు ఎండా దుమ్మూ తగలకుండా నల్ల కళ్లద్దాలు. మూడు వారాలు పట్టొచ్చు, మూడు నెలలూ పట్టొచ్చన్నాడు. చివర్లో అనూరాధ "క క క" అనమంది. అంది. "త త త" అనమంది. అంది. "ప ప ప" అంటే "హ హ హ" అని వచ్చింది.

"క గొంతు దగ్గరది, త నాలికది, ప పెదాలది" అంది ఆ పిల్ల కాగితం మీద రాసుకుంటూ. "నాలిక కదలికకి నరం వేరే. అది బ్రహ్మాండంగా ఉంది."

"అది నాకెరికే" అన్నాడు పోలిరాజు.

నల్ల కళ్లద్దాలు మర్నాడు పొద్దున్న పాతూళ్లో జిలానీ బాషా దుకాణంలో దొరికాయి. ఆయన కళ్లజోళ్ల వ్యాపారం మొదలుపెట్టి నలభై ఏళ్లయింది. చేపల గంపతో వచ్చి నల్లద్దాలు అడిగిన ఆడమనిషిని మాత్రం చూడలేదు. ఎందుకని అడగలేదు. పెద్ద అద్దాలవి ఏరి, తనే తుడిచి, ఆవిడ చేతిలో పెట్టాడు. "పెట్టుకో అక్కా. ఎవడైనా నవ్వాడనుకో, ఆడికి నువ్వు కనపడతావు, నీకు ఆడు చీకట్లో కనపడతాడు. హిసాబ్ బరాబర్."

గురువారం నుంచి సూర్యకాంతమ్మ పూర్ణా మార్కెట్లో తన అరుగు మీదే కూర్చుంది. నల్లద్దాలు, వంకర మూతి, ముందు కత్తిపీట. చేపలకే దడుపు పుట్టిందంటారు. బేరానికొచ్చినవాళ్లు మొహం చూసి ధర అడక్కుండానే తమని వెక్కిరించిందని అలిగి పోయారు. కొంతమంది "అయ్యో పాపం" అన్నారు. ఆవిడకి అలిగినవాళ్ల మీద కోపం రాలేదు, అయ్యో అన్నవాళ్ల మీదే వచ్చింది. అలాంటి ఒకావిడ "ఇంట్లో రెస్టు తీసుకోకూడదా తల్లీ? ఇదేం చేప?" అంది జాలిగా.

"హండుగహ్హ" అంది సూర్యకాంతమ్మ.

"ఏంటీ?"

సూర్యకాంతమ్మ ఆ పండుగప్ప తోక పట్టి ఎత్తి, దాని మొహం ఆవిడ మొహానికి ఎదురుగా పెట్టింది. "దాన్నే అడుగు."

మర్నాటికి ఒక ఉపాయం తట్టింది. పండుగప్ప, పార, మాగ చేపల్ని చూపుడువేలితో అమ్మింది. చందువ, కానాగంత, సావడాయ, రొయ్య, ఈ పేర్లని గొంతు చించుకుని అరిచింది. పెదాలు అక్కర్లేని చేపలు సముద్రంలో ఇన్నున్నాయని ఆవిడకి అంతవరకూ తెలియదు. అరుస్తూ అరుస్తూ ఇంకోటి కూడా కనిపెట్టింది. కాదు. లేదు. రాను. ఇయ్యను. కుదరదు. కూడదు. ఒద్దు. తెలుగులో ఎదురు చెప్పడానికి దేవుడు పెదాలు పెట్టలేదు. తల వంచడానికే పెట్టాడు. ఒప్పుకో అంటే పెదాలు కలవాలి. ఒద్దు అంటే నాలిక చాలు. ఆ రోజు చేపలు సగమే అమ్ముడుపోయాయి. ఆవిడ మాత్రం నిండు గంప అమ్మినదానిలా ఇంటికెళ్లింది.

ఆదివారం మధ్యాహ్నం మార్కెట్ నుంచి వచ్చేసరికి వాకిట్లో కుంపటి, కుంపట్లో కొడవలి, కొడవలి పక్కన తవిటయ్య ఉన్నారు. జోగమ్మ పీట వేసింది. పేట సగం చేరింది. పోలిరాజు గోడకి ఆనుకుని నిలబడ్డాడు, తనని ఎవరూ చూడకపోతే బాగుండునన్నట్టు.

సూర్యకాంతమ్మ గంప దించింది. నల్లద్దాలు తీసింది. తప్పించుకుని ఎక్కడికో పోవడం ఆవిడకి చేతకాదు. పోతే వాకిలి వాళ్లదవుతుంది. పీట కాలితో పక్కకి నెట్టి, నేల మీద కూర్చుంది. "సెహ్హండి, ఏటి?"

"పట్టుకోరా పోలిగా" అన్నాడు తవిటయ్య.

పోలిరాజు వచ్చి వెనక కూర్చున్నాడు. రెండు చేతులూ పెళ్లాం తల మీద వేశాడు. ఆ చేతులు ఎవరి వైపువో సూర్యకాంతమ్మకి తెలియలేదు. పాతికేళ్లలో ఆ మనిషి చేతులు ఏం చేస్తాయో తెలియకపోవడం అదే మొదలు. కుంపటి సెగ ఎడం బుగ్గకి తగిలింది. కదలని బుగ్గకి వేడి మాత్రం బాగానే తెలుస్తోంది.

తవిటయ్య కొడవలి తీశాడు. కొస ఎర్రగా ఉంది. "ఒప్పుకున్నావా అమ్మా?"

"ఒద్దు."

"ఒప్పు అంది" అంది జోగమ్మ.

"ఒద్దంది కాదేటి?" అన్నారెవరో వెనకనుంచి.

"మూతి వొంకర కదరా! ఒప్పు అంటే అలగే వొత్తాది. ఆ నోటికి ఒప్పూ ఒద్దూ ఒకటే."

తవిటయ్య ఆలోచించాడు. "నిజవేఁ. నోరు వొంకరైనప్పుడు మాటని మనవే తిన్నగా సేసుకోవాల. రెండో మాటు. ఒప్పుకున్నావా?"

"ఒద్దు!"

"రెండు" అని జోగమ్మ వేలు ముడిచింది.

సూర్యకాంతమ్మకి అప్పుడు నిజంగా భయం వేసింది. కొడవలికి కాదు. నోరారా అన్న మాటని పదిమంది ముందు పట్టపగలు తిరగేసి, అదే నువ్వన్నావని చెబుతున్నారే, దానికి. "కాదు! నేదు! రాను! ఇయ్యను! ఒద్దు!" అని ఒకదాని మీద ఒకటి విసిరింది. తిరగేసుకోండి, ఎన్ని తిరగేస్తారో!

"పాపం, నొప్పికి ఏటేటో అంటంది" అంది జోగమ్మ. "మూడోది కూడా అయిపోనాది మావా. కానీ."

తల మీది చేతులు లేచాయి.

"ఆగు మావా" అన్నాడు పోలిరాజు. దగ్గి మళ్లీ అన్నాడు. "నీ గురువు మాట తప్పితే కాక నీ సేతిలోకే వొత్తాది కాదేటి? నీ మంచికే సెబుతన్నాను. ముందు అది ఏటందో తేల్చుకో."

"నువ్వూరుకోరా తమ్ముడా!" అంది జోగమ్మ.

"ఊరుకున్నానప్పా, యాభైయేళ్లు" అన్నాడు పోలిరాజు. అని, తనన్నది తనకే వినపడి, ఇంక వెనక్కి పోయే దారి లేక ముందుకే పోయాడు. "కాంతం, 'పీత' అను."

"హీత."

"'పప్పు'?"

"హహ్హు."

ఎవరో కిసుక్కుమన్నారు.

"'రొయ్య'?"

"రొయ్య."

"'ఎద్దు'?"

"ఎద్దు!" అంది సూర్యకాంతమ్మ, తవిటయ్య కళ్లలోకి చూస్తూ.

జనం నవ్వేశారు. పోలిరాజు లేచి నిలబడ్డాడు. "యిన్నారు కదా! ప పెదాలది, ద నాలికది. ఆసుపత్రిలో రాసుకున్నారు. దానికి ప రాదు. 'ఒప్పు' అంటే 'ఒహ్హు' అని రావాల. మీ అందరికీ యినపడింది 'ఒద్దు'. ముమ్మాటు. దాని నాలిక్కి ఏ రోగవూఁ నేదు. పాతికేళ్లుగా నానెరుగుదును!"

ఈసారి సూర్యకాంతమ్మ కూడా నవ్వింది. సగం మొహంతోనే.

"ఇంకోటి మావా. నువ్వు వాత ఎడతానన్న గుంటలోనే ఆ నరం పైకొత్తాది. వల రాతికి పట్టేసినాదనుకో, వల విడదీత్తావా, మణికట్టుకాడ తాడు కాల్చేత్తావా?"

దానికి ఆ వాకిట్లో చదువు అక్కర్లేకపోయింది. పిన్నా పెద్దా అందరూ వల విసిరినవాళ్లే. తవిటయ్య కూడా చిన్నప్పుడు విసిరినవాడే. కొడవలి వైపు ఒకసారి, తన అరిచెయ్యి వైపు ఒకసారి చూసుకున్నాడు. "ఒప్పు అనకపోతే నాను ఎట్టకూడదు. అదయితే నిజం" అన్నాడు.

జోగమ్మకి పౌరుషం వచ్చింది. "అయితే ఆగండి! పెదాలు బాగయ్యాకే అనిపిద్దాం. అప్పుడెడుదువు మావా!"

ఒక్క క్షణం అందరూ తలూపారు కూడా. తర్వాత ఒక్కొక్కరికీ అర్థమైంది. "పెదాలు బాగయ్యాక వాత దేనికే జోగీ?" అని ఒక ముసలామె పొట్ట పట్టుకుంది. ఆ నవ్వు వీధి చివరదాకా పోయి, అక్కడ సంగతేమిటో తెలియనివాళ్లు కూడా నవ్వారట.

కొడవలి చల్లారింది. "ముప్పై ఏళ్లలో నా కొడవలి ఊరికే సల్లారిపోడం ఇదే" అని తవిటయ్య దాన్ని గోనెలో చుట్టుకున్నాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "ఒప్పు వొచ్చిన్నాడు కబురెట్టండి. నుదురో కన్నో ఏదోటి మిగిలుంటాది. ఎడతాను" అన్నాడు. ఓడిపోయి పోవడం ఆయనకీ చేతకాదు.

బిళ్లలు అయిపోయాయి. నాలుగు వారాలు గడిచాయి. ఉదయం పూట సూర్యకాంతమ్మ అద్దం ముందు నిలబడి, ఆసుపత్రి పిల్ల చెప్పినట్టు బుగ్గలు పూరించి, పళ్లు ఇకిలించి, ఈల వెయ్యబోయి కసరత్తు చేసేది. పోలిరాజు వాకిట్లో ఎవరూ రాకుండా కాపలా కాసేవాడు. ఈల సంగతి బయటికి పొక్కకూడదని.

ఆ ఆదివారం చేపలపులుసు పొయ్యి మీదుంది. సూర్యకాంతమ్మ గరిటెతో కాస్త అరచేతిలో వేసుకుని నాలిక మీద పెట్టుకుంది.

"ఉప్పెక్కువయింది" అంది.

వల కుడుతున్న పోలిరాజు చేతిలో సూది ఆగిపోయింది. ఆవిడా ఆగిపోయింది. నాలిక రెండు పక్కలా ఉప్పే. మాటలో ప్ప మీద ప్ప అచ్చంగా అచ్చువేసినట్టు పడింది. ఆవిడ మెల్లిగా మళ్లీ అని చూసింది. "ఉప్పు. పప్పు. పీత. పోలిరాజు."

మొగుడి పేరు నోటితో అన్నందుకు ఇద్దరూ సిగ్గుపడ్డారు.

"గట్టిగా అనకే" అన్నాడు పోలిరాజు లేచి వచ్చి, తలుపు దగ్గరికి వేస్తూ. "కనుబొమ్మ ఇంకా రానేదు. కన్నూ సగవేఁ పడతంది. ముసిలోడు యిన్నాడంటే మళ్లీ కుంపటి ఎట్టుకొత్తాడు. ఇంకో నెల 'హ హ' అంటా ఉండు. ఎవుడికి తెలుత్తాది?"

అదీ నిజమే. సమ్మె ఇంకా నడుస్తోందనుకుంటే పోయేదేం లేదు. సూర్యకాంతమ్మ ఒక్క నిమిషం ఆలోచించింది. పొయ్యి మంట తగ్గించింది. చెయ్యి కడుక్కుంది. కొంగు నడుముకి దోపి, మొగుడు వేసిన తలుపు తీసింది.

"ఎక్కడికే?"

"నాను ఒద్దంది నోరు రాక కాదు" అంది.

తవిటయ్య ఇల్లు మూడో గుమ్మం. ఆయన అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. పక్కనే జోగమ్మ, కబుర్లకి వచ్చినట్టుంది. ఎండలో ఎదురుగా వచ్చి నిలబడిన సూర్యకాంతమ్మని చూసి ఇద్దరూ మాట ఆపారు. ఎడం కనుబొమ్మ ఇంకా పడుకునే ఉంది. ఎడం కన్ను ఇంకా చెమ్మగానే ఉంది. వెనక పోలిరాజు పరిగెత్తుకొచ్చి, ఆపలేక, చివరికి ఆవిడ పక్కనే నిలబడ్డాడు.

"మావా, ప వొచ్చింది" అంది సూర్యకాంతమ్మ. "బ వొచ్చింది, మ వొచ్చింది. నుదురింకా రానేదు. ఇప్పుడడుగు."

తవిటయ్య చుట్ట నోట్లోంచి తీశాడు. జోగమ్మ వైపు చూశాడు. ఇంత బాహాటంగా వచ్చి అడగమన్న రోగిని ఆయన ఎన్నడూ చూడలేదు. మాట పోకూడదు కదా, అడిగాడు.

"ఒప్పుకున్నావా?"

సూర్యకాంతమ్మ రెండు పెదాలూ దగ్గరికి తెచ్చింది. ఆ ప్ప మీద ఎంత బరువు పెట్టాలో అంత పెట్టి, వీధంతా వినపడేలాగ అంది.

"ఒప్పుకోను. ఒప్పుకోను. ఒప్పుకోను."